ఆ బొమ్మలో కుంచె లేదు

బరంపురం

అమ్మాయ్,

మీ ఆర్టిస్టుగారి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి, ఆయన గీసిన బొమ్మకి నువ్వు పంపిన ఫొటో పక్కన పెట్టుకుని చదివాను. ఇబ్బంది ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ‘ఆయన కుంచె నుంచి జాలువారిన అద్భుతం’ అని మొదలుపెట్టావు. ఆ బొమ్మలో కుంచె లేదు తల్లీ. బొగ్గు ఉంది, పేస్టల్ ఉంది, వేళ్లున్నాయి.

ఆ మాట నీది కాదు. పత్రికల్లో చదివి చదివి నీ చేతికి అంటుకుంది. అది అడ్డం నిలబడి నిన్ను బొమ్మ చూడనివ్వలేదు.

ముందు బొగ్గు సంగతి తెలుసుకో. పుల్లల్ని గాలి చొరని డబ్బాలో పెట్టి కాలిస్తే బూడిద కాకుండా బొగ్గవుతాయి. పడమటి దేశాల్లో విల్లో కొమ్మలు, ద్రాక్షతీగలు వాడతారు. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లతోనే. మీ ఆర్టిస్టుగారిది కొన్న బొగ్గా, ఇంట్లో కాల్చుకున్నదా? నీ వ్యాసంలో లేదు. అడుగు. ఆ బొగ్గు కాగితంలోకి ఇంకదు, కాగితం గరుకులో కూర్చుంటుంది, అంతే. గట్టిగా తుడిస్తే లేచిపోతుంది. పేస్టలూ అలాంటిదే. రంగుపొడికి కాస్తంత జిగురు కలిపి కడ్డీ చేస్తారు. జిగురు తక్కువ కాబట్టే రంగు అంత నిండుగా ఉంటుంది, అందుకే రాలిపోతుంది కూడా. నిలవడానికి ఫిక్సేటివ్, అంటే పొడిని పట్టి ఉంచే పలచని ద్రవం, కొడితే రంగు కాస్త ముదురుతుంది. ఫిక్సేటివ్ కొట్టని బొగ్గు మీద పేస్టల్ రుద్దితే రెండూ కలిసి మురికిరంగు తేలుతుంది. కాబట్టి రంగు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో గీసేవాడు ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఫొటో తీసి మళ్లీ చూడు. ముసలావిడ ముఖమంతా బొగ్గే. మెడలో పసుపుతాడు ఒక్కటే రంగు. ముక్కు దూలం మీద వెలుగుంది చూశావా, అది తెల్లరంగు కాదు. బొగ్గు పూసి, రబ్బరుతో అక్కడి బొగ్గు తీసేస్తే బయటపడ్డ కాగితం. ఎడమ చెంప కింద బొటనవేలితో రుద్దిన మరక ఉంది. ఫొటోని పెద్దది చేస్తే వేలిగీతలు కూడా కనిపిస్తున్నాయి. ఈ మరక ఒక్కటే నాకు ఆయన్ని నీ రెండు పేజీల కంటే ఎక్కువ చూపించింది. ‘జీవం ఉట్టిపడుతోంది’ అన్న మాట కొట్టేసి ఆ బొటనవేలు రాయి.

జర్మనీలో కేథే కోల్విట్జ్ అని ఒక చిత్రకారిణి ఉండేది (1867–1945). 1933లో బొగ్గుతో తన బొమ్మ తనే గీసుకుంది. పక్కనుంచి కనబడే ముఖం, ఎదురుగా గీస్తున్న చెయ్యి. ముఖం మీదా ఆ చేతి మీదా శ్రద్ధ పెట్టింది. రెంటికీ మధ్య దండచెయ్యి ఉండాల్సిన చోట మాత్రం వంకరటింకరగా ఒక్క ఊపున బరికేసింది. ఆమె కొడుకు 1914లోనే యుద్ధంలో పోయాడు. ఈ బొమ్మ గీసిన ఏడాదే నాజీలు ఆమెను ప్రష్యన్ కళా అకాడమీలో లేకుండా చేశారు. ఈ కథంతా తెలియనివాడి చూపు కూడా ఆ బరుకుడు దగ్గర ఆగిపోతుంది. చూపులోంచి చేతిలోకి పాకుతున్న జోరు అక్కడుంది. మీ ఆర్టిస్టుగారి చదువు, ఉద్యోగం, సన్మానాలు నువ్వు నున్నగా, వివరంగా రాశావు. వాటికి రెండు బరుకులు చాలు. ఆ చోటంతా ముఖానికీ చేతికీ ఇవ్వు.

ఇంకొకటి. నువ్వుంటున్నది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనులను ఇంట్లో పెట్టుకుని వాళ్ల మాట నేర్చుకున్న ఊరు. ఎన్నో ఏళ్లు విన్నాకే 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. నీ వ్యాసంలో ఆర్టిస్టుగారు వార్తలు చదువుతున్నట్టు మాట్లాడారు. మహేంద్రతనయ ఒడ్డున పెరిగి, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా చదివిన మనిషి అలా మాట్లాడడు. ఆయన మాటలో ఒడియా దొర్లుంటుంది, మన యాస దొర్లుంటుంది. నువ్వే దిద్దేసి ఉంటావు. వాటిని వెనక్కి తెచ్చి పెట్టు.

ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇక్కడ ఒక పెద్దాయన మీద వ్యాసం రాశాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో ఆయన బొగ్గుతో గీసిన ఒక ఆడమనిషి బొమ్మ నాకు ఇచ్చారు. ఎవరీవిడ అని అడగాలని తోచలేదు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లనడిగితే వాళ్లకూ తెలియదన్నారు. ఇప్పటికీ నా బల్లకెదురుగా గోడ మీద ఉంది. రోజూ నన్ను చూస్తుంది. ఆవిడకు పేరు లేకుండా చేసింది నేనే అనిపిస్తుంది.

నువ్వు పంపిన బొమ్మలోని ముసలావిడది కాశీనగరమని ఒకే ఒక్క వాక్యం రాశావు. గుణుపురం రైలెక్కితే దగ్గరే కదా. ఆర్టిస్టుగారి దగ్గరకు మళ్లీ వెళ్లేముందు ఆవిడ దగ్గరకు వెళ్లు. ఎంతసేపు కూర్చోబెట్టారో, నడుం నొప్పెట్టిందా, ఆ సేపంతా ఏం మాట్లాడుకున్నారో, బొమ్మ చూసి మొదట ఏమందో అడుగు. ఆవిడ సరేనంటేనే ఫోన్‌లో రికార్డు చెయ్యి. పేరు రాయొచ్చో లేదో కూడా ఆవిడే చెప్పాలి. వచ్చాక మొదటి పేరా కొత్తగా రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు