బిళ్ళగన్నేరు కణాలకు జాస్మొనేట్ ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: బిళ్ళగన్నేరు కణాలను సస్పెన్షన్ కల్చర్‌లో, అంటే కదిలే ద్రవ మీడియంలో పెంచుతున్నాం. అజ్మలిసిన్ అనే ఆల్కలాయిడ్ పెరుగుతుందని సబ్‌కల్చర్ చేసిన (కొత్త మీడియంలోకి మార్చిన) రోజే మిథైల్ జాస్మొనేట్ 250 మైక్రోమోలార్ వేశాం. మూడో రోజుకల్లా కణాలు గోధుమరంగుకు తిరిగాయి. ఆల్కలాయిడ్ అంతంతమాత్రం. పొరపాటు ఎక్కడ?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: వేసిన వేళ తప్పింది, మోతాదూ ఎక్కువైంది. వీటిలో వేళే ముఖ్యం. పురుగు కొరికినా, బూజు సోకినా మొక్కలో జాస్మొనేట్లు అనే హార్మోన్లు పుట్టి, ఆల్కలాయిడ్లు తయారుచేసే జన్యువులను నిద్ర లేపుతాయి. ఇలా రక్షణను రేపే పదార్థాన్ని, అంటే ఎలిసిటర్‌ను, వేయడమంటే దాడి జరగకుండానే ఆ కబురు పంపడం. కబురందిన కణం విభజన తగ్గించుకుని, ఉన్న బలాన్ని రక్షణకు మళ్ళిస్తుంది. కొత్త మీడియంలో ఇంకా కుదురుకోని కణానికి ఆ బలమెక్కడిది? అందుకే బాగా పెరిగి, పెరుగుదల నెమ్మదించబోయే ముందు వేయాలి. చాలా లైన్లలో (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చిన కణాల్లో) అది ఐదు నుంచి ఏడో రోజు. మీ లైన్‌కు ఎప్పుడో తెలియాలంటే ముందు పొడి బరువుతో గ్రోత్ కర్వ్ గీసుకోండి.

మీడియంలో 2,4-డి అనే కృత్రిమ ఆక్సిన్ హార్మోన్ ఉందేమో చూడండి. కణాలను పెంచడానికి అది బాగుంటుంది కానీ ఈ ఆల్కలాయిడ్లను అణచిపెడుతుంది. అది ఉండగా ఎలిసిటర్ ఎంత పోసినా ఫలితం సగమే. ప్రయోగానికి 2,4-డి లేని మీడియంలోకి మార్చండి.

స్టాక్ (గాఢ ద్రావణం) ఇలా చేసుకోండి: 224 మి.గ్రా. మిథైల్ జాస్మొనేట్‌ను ఇథనాల్‌లో కరిగించి మొత్తం 10 మి.లీ.కు తెస్తే 100 మిల్లీమోలార్ అవుతుంది. ఆటోక్లేవ్ వద్దు, ఇథనాల్‌కు తట్టుకునే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టండి. 50 మి.లీ. కల్చర్‌కు 50 మైక్రోలీటర్లు పోస్తే 100 మైక్రోమోలార్. 25, 50 మోతాదులకు స్టాక్‌ను ఇథనాల్‌తో పలచన చేసి, అన్నిటికీ 50 మైక్రోలీటర్లే పోయండి. కంట్రోల్‌కు, అంటే పోల్చి చూసే ఫ్లాస్కులకు, ఉత్త ఇథనాల్ అంతే. మోతాదుకు మూడేసి ఫ్లాస్కులు తగ్గొద్దు.

మిథైల్ జాస్మొనేట్ ఆవిరయ్యే పదార్థం. కంట్రోల్‌ను అదే షేకర్‌పై పక్కనే పెడితే ఆ ఆవిరి దానికీ తగులుతుంది, కంట్రోల్‌లోనూ ఆల్కలాయిడ్ పెరిగి తేడా కనిపించకుండా పోతుంది. మీకూ అదే జరిగి ఉండొచ్చు. వేరే షేకర్‌పై, వీలైతే వేరే గదిలో పెట్టండి.

24, 48, 72, 96 గంటలకు నమూనాలు తీయండి. కణాలతోపాటు మీడియంను కూడా పరీక్షించాలి. అజ్మలిసిన్ కొంత బయటికి వచ్చేస్తుంది. లెక్క గ్రాముకు కాదు, లీటరుకు కట్టండి. గ్రాముకు 1 మి.గ్రా. నుంచి 2 మి.గ్రా.కు పెరిగినా, లీటరుకు 12 గ్రాములున్న పొడి బరువు 6కు పడిపోతే లాభం సున్నా. బతికిన కణాలెన్నో ఎవాన్స్ బ్లూ అనే రంగుతో చూడండి, నీలమెక్కినవి చచ్చినవి.

1996లో జపాన్ పరిశోధకులు టాక్సస్ చెట్టు కణాలకు మిథైల్ జాస్మొనేట్ 100 మైక్రోమోలార్ వేసి, రెండు వారాల్లో లీటరుకు 110 మి.గ్రా. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు సాధించారు. ఆ మోతాదు ఆ కణాలది. మీది మీ ఫ్లాస్కులే తేల్చాలి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు కూడా తీయొచ్చా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: కుదరదు. దానికి కాథరాంథిన్, విండోలిన్ అనే ఆల్కలాయిడ్లు రెండూ కావాలి. మొదటిది కల్చర్‌లో వస్తుంది. విండోలిన్ చివరి మెట్లకు ఆకులోని ప్రత్యేక కణాలు, వెలుతురు అవసరం. సస్పెన్షన్ కణాల్లో ఆ ఏర్పాటు ఉండదు. కల్చర్ నుంచి కాథరాంథిన్, ఆకు నుంచి విండోలిన్ తీసి రసాయనికంగా కలిపే దారి మాత్రం ఉంది.