విల్లు వీపున, చేతులు ఖాళీగా

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన విల్లు ఫోటో చూశాను. బాగుంది, నీ చేతి పొడవుకి సరిపోయే విల్లే తీసుకున్నావు. సెప్టెంబరు 2న కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) ఆర్చరీ సీజన్, అంటే విల్లుతో వేటాడే కాలం, మొదలవుతుంది కాబట్టి, కొండలెక్కేటప్పుడు విల్లు మోయడానికి ఏ పట్టీ కొనమంటావని అడిగావు. పట్టీ సంగతి తర్వాత చెప్తాను. దానికన్నా ముందు చేతులు ఎందుకు ఖాళీగా ఉండాలో నీకు తెలియాలి.

అలసట తగ్గడానికి అని చాలామంది అనుకుంటారు. సైటు (గురి చూసేది), రెస్టు (బాణం ఆనేది), క్వివరు (బాణాల పొది), బాణాలు అన్నీ కలిపితే మన కాంపౌండ్ విల్లు ఆరేడు పౌండ్లు తూగుతుంది. రోజంతా ఒక చేత్తో పట్టుకుంటే భుజం లాగేస్తుంది, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. నువ్వు జారిపడే క్షణంలో నీకు రెండు చేతులూ కావాలి. నువ్వు వెళ్తానంటున్న శాన్ వాన్ కొండల్లో స్ప్రూస్ బీటిల్ పురుగు తినేసి ఎండిపోయిన చెట్లు అడవి పొడవునా అడ్డంగా పడి ఉంటాయి. ఒక దుంగ ఎక్కి దిగితే ఇంకో దుంగ. దాని మీద బెరడు ఊడిపోయి ఉంటుంది, తెల్లవారుజామున మంచు పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. 11 వేల అడుగుల ఎత్తులో, హెడ్‌ల్యాంప్ వెలుగులో, వీపున బరువుతో అలాంటి దుంగ దాటుతూ కాలు జారితే విల్లు పట్టుకున్న చెయ్యి దాన్ని వదలదు. ఖరీదైన వస్తువు పాడవకూడదని మనసు ముందు దాన్నే కాపాడుతుంది. మోచెయ్యో మోకాలో విరిగేది అప్పుడే. అందుకే చేతుల్లో ట్రెక్కింగ్ పోల్స్ ఉండాలి, విల్లు ఒంటికి కట్టి ఉండాలి.

పటాల్లో రాముడిలా విల్లు భుజాన తగిలించుకుని పోవచ్చు కదా అంటావేమో. ఆ విల్లుకి ఒకటే నారి, ఒకటే కర్ర. దీనికి స్ట్రింగ్ ఉంది, దాని వెనక కేబుల్స్ ఉన్నాయి, రెండు చివర్లా తిరిగే చక్రాలు, అంటే క్యాములు, ఉన్నాయి. భుజాన వేసుకుంటే బరువంతా స్ట్రింగ్ మీద పడుతుంది, చొక్కా దుమ్ము దాని పోగుల్లోకి పోతుంది, స్ట్రింగ్‌లో ఉండే గురి రంధ్రం, అదే పీప్ సైటు, పక్కకి తిరుగుతుంది. ఆ పని ఎప్పుడూ చేయకు.

ఇప్పుడు పట్టీల విషయం. బజారులో మూడు రకాలు దొరుకుతాయి. స్ట్రింగునీ క్యాముల్నీ కప్పేసే రబ్బరు గుడ్డ తొడుగు, దానికో భుజం పట్టీ, అది ఒక రకం. దుమ్ము పడే బండి దారికి, కాలిబాటకి అది మంచిదే. నిటారుగా ఉన్న వాలులో మాత్రం విల్లు ఊగి ఊగి మోకాళ్లకి తగులుతుంది. పైగా వాటిల్లో చాలావాటికి వెల్‌క్రో ఉంటుంది. నలభై గజాల్లో ఎల్క్ నిలబడి ఉంటే నువ్వు చర్రుమని వెల్‌క్రో పీకావనుకో, నీ సీజన్ అక్కడితో అయిపోయినట్టే. రెండో రకం నడుం బెల్టుకి తగిలించే కొక్కెం. ఒకచోట నిలబడి బైనాక్యులర్స్‌తో చూడటానికి, కౌ కాల్ (ఆడ ఎల్క్ అరుపులా పలికే ఊదుడు) ఊదడానికి హాయిగా ఉంటుంది. నడకకి నాకు నచ్చదు. వాలుకి అడ్డంగా నడిచేటప్పుడు కొండ వైపు ఉన్న లింబ్ (విల్లు వంగే బద్ద) మట్టికి రాసుకుంటుంది, పొదల్లో ప్రతి కొమ్మా దాన్ని పట్టుకుంటుంది.

నేను నీకు చెప్పేది మూడో రకం: ప్యాక్ వెనక, నిలువుగా, కింది క్యాము కూర్చోడానికి ఒక చిన్న సంచి, రైజర్ (విల్లు మధ్యలో పట్టుకునే గట్టి భాగం) చుట్టూ ఒక బకిల్ పట్టీ. చాలా హంటింగ్ ప్యాకులకి ఇది ముందే ఉంటుంది. లేకపోతే విడిగా కొని కుట్టించుకోవచ్చు.

అయితే ఎలా కట్టావన్నదే ముఖ్యం. సైటూ రెస్టూ క్వివరూ ఉన్న వైపు బయటికి ఉండాలి, చదునుగా ఉన్న వైపు ప్యాక్‌కి ఆనాలి. నువ్వు కుడిచేతివాడివి కాబట్టి ఎడమ వైపు లోపలికి అన్నమాట. పట్టీ బిగించేది రైజర్ మీదే. స్ట్రింగ్ మీదుగా గానీ కేబుల్స్ మీదుగా గానీ పట్టీ పోనివ్వకు. ఒక్క అర అంగుళం పక్కకి లాగినా గంటల తరబడి అదే ఒత్తిడిలో ఉంటుంది. డ్రాప్-అవే రెస్టుకి (బాణం వదలగానే కిందికి పడిపోయే రెస్టుకి) సన్నటి తాడు ఉంటుంది చూడు, కేబుల్‌కో లింబుకో కట్టి ఉండేది, అది పట్టీ కింద చిక్కుకోకుండా వేలితో తడిమి చూసుకో. అది చిక్కుకుని సాగిపోతే రెస్టు సమయానికి లేవదు, నువ్వు విల్లు లాగాక గానీ ఆ సంగతి తెలియదు.

ఎత్తు కూడా చూసుకోవాలి. పై క్యాము నీ తల కన్నా పైకి పోకూడదు. దుంగ కింద నుంచి వంగి దూరేటప్పుడు మనిషి తన తలని లెక్కేసుకుంటాడు, వీపు మీద పొడుచుకొచ్చినదాన్ని లెక్కేసుకోడు. కింది క్యాము మరీ కిందికీ వేలాడకూడదు. రాళ్ల వాలులో వెనక్కి కూర్చుని జారుతూ దిగాల్సి వస్తే మొదట రాయికి తగిలేది అదే. విల్లు నిలువు మూడడుగులు ఉంటుంది కాబట్టి ఈ రెండింటి మధ్యా నీకు వెసులుబాటు తక్కువ. ప్యాక్ వేసుకుని ఇంట్లో అత్తయ్యనో స్నేహితుడినో పక్క నుంచి ఫోటో తీయమను, కొలత తెలిసిపోతుంది.

బాణాల దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్తాను, కోపం తెచ్చుకోకు. నడుస్తున్నంతసేపూ ప్రతి బాణం క్వివర్‌లోనే ఉండాలి, బ్రాడ్‌హెడ్ మొనలు (వేటకి వాడే బ్లేడ్ల మొనలు) పూర్తిగా హుడ్ (క్వివర్ మూత) లోపల ఉండాలి. బ్యూగుల్ (మగ ఎల్క్ అరుపు) దగ్గర్లో వినపడిందని బాణం స్ట్రింగ్‌కి తగిలించి పరుగెత్తకు. బ్రాడ్‌హెడ్ రేజర్ బ్లేడ్ అంత పదును. పడినప్పుడు అది తొడలోని పెద్ద రక్తనాళాన్ని తెగ్గోస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది, హెలికాప్టర్ వచ్చేంత వ్యవధి ఉండదు. టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) ఒకటి కొను. దాన్ని ప్యాక్ అడుగున కాకుండా, ఏ చెయ్యి పనిచేయకపోయినా రెండో చేత్తో అందుకునేలా భుజం పట్టీకి కట్టుకో. మరీ దట్టంగా పడిపోయిన చెట్ల మధ్యకి వెళ్లేటప్పుడు నేను క్వివర్‌ని విల్లు నుంచి ఊడదీసి ప్యాక్ పక్కన విడిగా బిగిస్తాను. ఈకలు కొమ్మలకి తగిలి గీరుకునే చప్పుడు కూడా తగ్గుతుంది.

వీపున కట్టుకున్నది ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలి? నువ్వు అడగలేదు కానీ చాలామంది తేలిపోయేది ఇక్కడే. నేను నేలని బట్టి, గాలిని బట్టి నిర్ణయించుకుంటాను. తెల్లవారేసరికి చల్లగాలి లోయలోకి దిగుతూ ఉంటుంది. ఎండెక్కాక కొండ మీదికి మళ్లుతుంది. గాలి నాకు అనుకూలంగా ఉండి, తాజా పేడ గానీ ఎల్క్ కొమ్ములు రాసుకున్న చెట్టు గానీ కనపడి, లేదా బుల్ (మగ ఎల్క్) అరుపు రెండు మూడు వందల గజాల్లో వినపడితే అక్కడే ఆగుతాను. విల్లు తీస్తాను, పోల్స్ మడిచి ప్యాక్‌కి తగిలిస్తాను. అక్కడి నుంచి నడక అడుగు అడుగే. అప్పుడు విల్లు లోయ వైపు చేతిలో ఉంటుంది, కొండ వైపు చెయ్యి ఖాళీగా ఉంటుంది. జారితే కొండనే పట్టుకోవాలి కదా. అలా పడినా, విల్లు నీ కిందికి రాకుండా దూరంగా వదిలేయ్. విల్లు మళ్లీ కొనుక్కోవచ్చు.

విల్లు తీసేటప్పటి చప్పుడు ఇంట్లోనే సాధన చేసుకో. బకిల్‌ని రెండు వేళ్లతో నొక్కేటప్పుడు మిగతా అరచేతిని దాని చుట్టూ గుప్పిటలా మూస్తే టక్కు మనే శబ్దం చేతిలోనే ఆగిపోతుంది. గ్లౌజులతో, చీకట్లో, ప్యాక్ విప్పకుండా చేయగలగాలి. చెయ్యి వెనక్కి అందకపోతే బకిల్‌ని పక్కకి జరుపు.

కొండ దిగాక గానీ గట్టిగా పడ్డాక గానీ విల్లుని ఊరికే నమ్మకు. నా విల్లు సైటు బ్రాకెట్‌కీ రైజర్‌కీ మధ్య వెండి రంగు పెన్నుతో సన్నగా ఒక గీత గీశాను, రెస్టు దగ్గర ఇంకోటి. గీత ఒకటిగా ఉంటే ఏమీ కదలలేదు, వెంట్రుకవాసి తేడా ఉన్నా కదిలినట్టే. తర్వాత లింబుల మీద దూది ముక్క రాస్తాను. పీచు లేచి ఉంటే దూది పోగు పట్టుకుంటుంది, అలాంటి లింబ్‌తో విల్లు లాగకూడదు. క్యాము గాడిలో ఇసుక గానీ స్ప్రూస్ ఆకు గానీ ఇరుక్కుందేమో చూసి మెత్తని బ్రష్‌తో తీసేయ్. చెట్టు జిగురు అంటుకున్న స్ట్రింగ్‌ని తుడిచి దానికి మైనం పూయి. క్వివర్‌లో ఒక బాణానికి బ్రాడ్‌హెడ్ బదులు మామూలు మొన పెట్టుకో. అనుమానం వస్తే ఇరవై గజాల్లో కుళ్లిన మొద్దు మీద ఒక్కసారి వేసి చూసుకుంటే సరిపోతుంది. బాణం లేకుండా స్ట్రింగ్ లాగి మాత్రం ఎప్పుడూ వదలకు, విల్లు పగిలి మొహాన కొడుతుంది.

నీకు ఎల్క్ దొరికితే, దొరకాలనే నా కోరిక, దిగేటప్పుడు లెక్క మారుతుంది. వెనక కాలు ఒక్కటే ఎముకతో కలిపి యాభై పౌండ్లు దాటవచ్చు. నువ్వు వెళ్లేది వైల్డర్‌నెస్ ప్రాంతం, అక్కడ బండ్లకీ తోపుడు బండ్లకీ కూడా అనుమతి లేదు. అంతా వీపునే. మాంసం వీపుకి దగ్గరగా, విల్లు బయట. మొదటి మోతలోనే విల్లుని కిందికి చేర్చేయ్, తర్వాతి మోతలకి పోల్స్ చాలు. వీపు మీద గోధుమరంగు మాంసం సంచీ, కొమ్ముల్లా పొడుచుకొచ్చిన లింబులు ఉంటాయి కాబట్టి పైన నారింజ రంగు గుడ్డ కట్టు. ఆ అడవిలో వేటగాడివి నువ్వొక్కడివే కాదు.

మీ అమ్మ మొన్న ఫోన్ చేసి, 1972 చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం కదా, వాడు అక్కడ ఏం పని పెట్టుకున్నాడని అడిగింది. ఇక్కడ లైసెన్సుతో, హంటర్ ఎడ్యుకేషన్ కార్డుతో, లెక్క ప్రకారం జరుగుతుందని, తెచ్చిన మాంసం తింటామని చెప్పాను. నువ్వూ ఒకసారి చెప్పు.

వచ్చే శనివారం విల్లు, ప్యాక్ రెండూ తీసుకుని ఇంటికి రా. బకిల్ ఎక్కడ పెట్టాలో చూసి కుట్టించేద్దాం. నీ దగ్గరున్న ఆ వెల్‌క్రో తొడుగు కూడా తీసుకురా, కారులో విల్లు పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. అత్తయ్య పప్పుచారు పెడతానంటోంది, తొమ్మిదిలోపు వచ్చేయ్.

ఇట్లు,
మీ మామయ్య