సమాధానం: డాక్టర్ దగ్గరికెళ్తే కేసవుతుందా?

అక్కా, మీ అబ్బాయి బ్యాగులో గంజాయి పొట్లం దొరికిందని, హాస్పిటల్‌కి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందేమోనని భయంగా ఉందని రాశారు. ముందు ఆ టెన్షన్ తీసేయండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల నిరోధక చట్టంలో, 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడినవాళ్లు తమంతట తాముగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకుంటే, చిన్న మోతాదు కేసు ఉన్నా విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. గంజాయికి చిన్న మోతాదంటే కిలో లోపు. చికిత్స మాత్రం మధ్యలో మానకూడదు.

"అమెరికాలో లీగలే కదా" అంటున్నాడన్నారు. అక్కడి కొలరాడో రాష్ట్రంలో కూడా 21 ఏళ్లు నిండనిదే అమ్మరు. వాడికి 19. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. రోజూ గంజాయి తాగేవాళ్లలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ముప్పు ఎక్కువ.

మా అక్క కొడుకు మానేసిన మొదటి వారం రాత్రంతా హాల్లో పచార్లు చేసేవాడు, పెరుగన్నం కూడా ముట్టలేదు. మీవాడూ అలా చిరాకు పడితే తిట్టకండి, పక్కనే కూర్చోండి. ఈరోజే 14446కి ఫోన్ చేయండి, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం.