లగ్జరీ ఎస్‌యూవీకి కొత్త టైర్లు: బ్రాండ్ సంగతి తర్వాత, ముందు పాత టైర్లను చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఐదేళ్ల నాటి పెద్ద ఎస్‌యూవీ, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి వెళ్లేది), 275/45 ఆర్20 సైజు రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) అరిగిపోయాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు కంపెనీ గుర్తు ఉన్న రన్‌ఫ్లాట్లే వేయాలంటున్నారు. బయట టైర్ల షాపులో మామూలువి వేసుకుంటే బండి ఇంకా మెత్తగా పోతుందంటున్నారు. ఏ బ్రాండ్ మంచిది, వెనక రెండే మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

నాది కూడా అదే తరగతి బండి, 255/50 ఆర్19 టైర్లు. రన్‌ఫ్లాట్ల నుంచి మామూలు టైర్లకు మారి చాలా కాలమే అయింది కాబట్టి రెండు వైపులా సంగతి కొంత తెలుసు. బ్రాండ్ గురించి చివర్లో చెప్తాను. నా లెక్కలో దాని వంతు వచ్చేది చివర్లోనే. ముందు మీ పాత టైర్లు ఎక్కడెక్కడ అరిగాయో చూడండి. అది చూడకుండా ఎంత మంచి టైర్లు కొన్నా అవీ అదే దారి పడతాయి.

పక్కన నిలబడి చూస్తే సరిపోదు. నా బండిని లిఫ్ట్ ఎక్కించినప్పుడు వెనక టైర్లు బయటి వైపు చక్కగా ఉన్నాయి, గాడులు ఇంకా లోతుగానే కనిపిస్తున్నాయి. కిందికి వెళ్లి చూస్తే లోపలి అంచున రెండు వేళ్ల వెడల్పున రబ్బరు నున్నగా అయిపోయి ఉంది. దాని మీద చెయ్యి ఒక దిక్కుకి రాస్తే జారుతోంది, ఇంకో దిక్కుకి రాస్తే రంపం పళ్లలా గీసుకుంటోంది. బయటి నుంచి చూసేవాళ్లకి ‘ఇంకా ఏడాది వస్తాయి’ అనిపించే టైర్ అది. ఈ తరగతి బండ్లలో చాలావాటికి వెనక చక్రాలు పైభాగం కొంచెం లోపలికి వాలి ఉండేలా సెట్ చేస్తారు, దాన్నే క్యాంబర్ అంటారు. బండి బరువు రెండు టన్నులు దాటుతుంది. దానికి తోడు టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కాస్త తప్పిందంటే టైర్ దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతూ ఉంటుంది. రంపం పళ్లు అలా వచ్చినవే. ఎయిర్ సస్పెన్షన్ (గాలి సంచులతో బండి ఎత్తు పెంచి తగ్గించే ఏర్పాటు) ఉండి ఎప్పుడూ తక్కువ ఎత్తులోనే నడిపితే ఆ వాలు ఇంకాస్త పెరుగుతుంది.

అందుకని కొలిచేటప్పుడు లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా కొలిపించండి. కొత్త టైర్‌కి గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడుల్లో అడ్డంగా ఉండే చిన్న దిమ్మలు 1.6 మిల్లీమీటర్ల దగ్గర రబ్బరుతో సమానమవుతాయి, అది ఆఖరి హద్దు. వాన రోడ్ల మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది, నేనైతే 3 దాకా వస్తే కొత్తవి వెతకడం మొదలుపెడతాను. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ కొట్టిస్తున్నారని, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో తిరుగుతున్నారని. ఒక్క లోపలి అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు, తప్పిందని. ఆ అలైన్‌మెంట్ కూడా ముందు చక్రాలకే చేసి పంపిస్తే కుదరదు. నాలుగింటికీ చేసి, ముందూ తర్వాతా కొలతలున్న కాగితం చేతికివ్వాలి. వెనక టో ఎంత ఉండేది, ఎంత అయింది అన్నది ఆ కాగితంలో మీరే చూసుకోండి.

ఇక నంబర్లు. సైజు సరిపోయింది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. నాకు ఒక షాపులో 255/50 ఆర్19 టైరే తెచ్చి చూపించారు, సైజు అక్షరం తేడా లేదు. కానీ సైజు పక్కన 103 అని ఉంది. నా బండికి ఉండాల్సింది 107. అది లోడ్ ఇండెక్స్, ఒక్కో టైర్ ఎంత బరువు మోయగలదో చెప్పే సంఖ్య. 103 అంటే 875 కిలోలు, 107 అంటే 975. నాలుగు టైర్లకి కలిపి 400 కిలోల తేడా. ‘చూడ్డానికి ఒకటే కదండీ’ అన్నాడతను. నిజమే, చూడ్డానికి ఒకటే! మీ సైజులో మామూలుగా కనిపించేది 110, అంటే 1060 కిలోలు. మీ కారు మాన్యువల్లో ఎంత రాసి ఉంటే అంత, లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, తక్కువ మాత్రం వద్దు. పక్కన ఉండే అక్షరం వేగానికి: వీ అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. మనం ఆ వేగంలో పోతామా అని నవ్వొస్తుంది కానీ, ఆ అక్షరం టైర్ వేడిని తట్టుకునే శక్తికి కూడా గుర్తు. అందుకే అందులోనూ కిందికి దిగకండి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని రాసి ఉన్న టైర్ ఎక్కువ బరువు మోస్తుందంటే, దానికి తగ్గ గాలి ఉన్నప్పుడే. 975 కిలోల లెక్క దాదాపు 42 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) దగ్గర లెక్క. ఎక్స్‌ఎల్ వేయించుకుని 32 పెట్టుకుని తిరిగితే మీరు డబ్బు పెట్టి కొన్న ఆ అదనపు బలం వాడుకోవట్లేదన్నమాట. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద రెండు లెక్కలు ఉంటాయి, ఒకటి తక్కువ మందితో, ఒకటి నిండా జనం, సామానుతో. కుటుంబమంతా ఎక్కి డిక్కీ నింపి దూరం వెళ్లే రోజున రెండో లెక్క ప్రకారం గాలి పట్టించాలి. టైర్ పక్క గోడ మీద అచ్చేసిన సంఖ్య గరిష్ఠ పీడనం, అది పెట్టుకోమని కాదు.

కంపెనీ గుర్తు విషయానికొస్తే, అది ఒట్టి స్టిక్కర్ వ్యాపారం మాత్రం కాదు. నక్షత్రం గుర్తు బీఎండబ్ల్యూది, ఎంఓ మెర్సిడెస్‌ది, ఏఓ ఆడీది, ఎన్ పక్కన అంకె ఉంటే పోర్షేది, ఎల్ఆర్ ల్యాండ్ రోవర్‌ది, వీఓఎల్ వోల్వోది. ఒకే పేరున్న టైర్‌లో కూడా గుర్తు ఉన్నదానికీ లేనిదానికీ రబ్బరు మిశ్రమం, లోపలి నిర్మాణం వేరుగా ఉండొచ్చు. ఆ కారు సస్పెన్షన్‌కి తగ్గట్టు పరీక్షించి ఒప్పుకున్నది అని దాని అర్థం. అలాగని గుర్తు లేని టైర్ వేస్తే బండి పాడైపోతుందనేదీ నిజం కాదు. గుర్తు ఉన్నది తాజాగా దొరికి, ధరలో పెద్ద తేడా లేకపోతే అదే తీసుకోండి. దానికోసం నెలల తరబడి ఎదురుచూస్తూ నున్నటి టైర్లతో తిరగడం మాత్రం అర్థం లేని పని. వారంటీ ఇంకా ఉంటే మాత్రం ఆ నియమాలు ఒకసారి చదువుకోండి. రెండు రకాల గుర్తులు కలిపి వేయడం కూడా నాకు నచ్చదు.

రన్‌ఫ్లాటా, మామూలుదా అన్నది మాత్రం నిజంగా ఆలోచించాల్సిన విషయం. రన్‌ఫ్లాట్ పక్క గోడలు మందంగా, బిగుతుగా ఉంటాయి. గాలి మొత్తం పోయినా ఆ గోడల మీదే బండి నిలబడుతుంది. సాధారణంగా చెప్పే హద్దు గంటకు 80 కిలోమీటర్ల వేగానికి మించకుండా 80 కిలోమీటర్ల దూరం. రాత్రి పూట, పిల్లలతో, ఎక్కడో దూరంగా పంచర్ అయితే దాని విలువ తెలుస్తుంది. కానీ ఆ బిగుతు ఖరీదు ప్రతిరోజూ కడుతుంటాం. వంతెనల మీద అతుకులు దాటేటప్పుడు వచ్చే ‘ధబ్’ శబ్దం నాకు బాగా గుర్తు. మామూలు టైర్లు వేయించాక అదే వంతెన మీద ఆ దెబ్బ మెత్తబడింది, వెనక సీట్లో వాళ్లు అడగకుండానే చెప్పారు. బదులుగా పోయింది ఏమిటంటే, వేగంలో లేన్ మారేటప్పుడు స్టీరింగ్‌కి ఇంతకుముందున్న చురుకు కొంచెం తగ్గింది. వారంలో అలవాటైపోయింది.

అసలు అడ్డంకి స్టెప్నీ. రన్‌ఫ్లాట్లతో వచ్చిన చాలా బండ్లలో స్టెప్నీ ఉండదు, పెట్టడానికి చోటు కూడా ఉండదు. మీ డిక్కీ కింద ఏముందో ముందు తెరిచి చూడండి. ఏమీ లేకుండా మామూలు టైర్లకు మారితే చిన్న పంపు, పంచర్ కిట్, సీలెంట్ డబ్బా బండిలో ఎప్పుడూ ఉండాలి. సీలెంట్‌కి గడువు తేదీ ఉంటుంది, అది మర్చిపోవద్దు. అది మేకు దిగిన చిన్న రంధ్రానికి పనికొస్తుంది కానీ పక్క గోడ చీలితే ఏమీ చేయలేదు. మా ఇంట్లో ఎక్కువగా తిరిగేది సహాయం సులువుగా దొరికే దారుల్లోనే కాబట్టి నాకు ఈ మార్పిడి సరిపోయింది. మీరు ఎక్కువగా నిర్మానుష్యమైన దారుల్లో, ఒంటరిగా నడిపేవారైతే రన్‌ఫ్లాట్లలోనే ఉండండి, బయట షాపు వాళ్ల మాట వినకండి. మధ్యే మార్గం కూడా ఒకటుంది. లోపల జిగురు పొర ఉండి మేకు దిగినా తనంతట తానే మూసుకునే టైర్లు ఉన్నాయి, కాంటినెంటల్‌లో కాంటిసీల్, పిరెల్లిలో సీల్ ఇన్‌సైడ్ అంటారు. మీ సైజులో వస్తే తప్పకుండా చూడండి. ఏది తీసుకున్నా రన్‌ఫ్లాట్లు, మామూలువి కలిపి వేయొద్దు.

వెనక రెండే మార్చడం గురించి. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి నేను వద్దంటాను, ముందువి బాగా అరిగి ఉంటే గనుక. కొత్త టైర్‌కి 8 మిల్లీమీటర్లు, పాతదానికి 4 ఉందనుకోండి. వ్యాసంలో 8 మిల్లీమీటర్ల తేడా, అంటే ఈ సైజుల్లో ఒక శాతం పైమాటే. వినడానికి చిన్నదే. కానీ ముందు చక్రాలు, వెనక చక్రాలు ఎప్పుడూ వేర్వేరు వేగంతో తిరుగుతుంటే ఆ తేడాను ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే భాగం), అందులోని క్లచ్ ప్లేట్లు తిరిగినంత సేపూ సర్దుకుంటూ ఉండాలి. దాని రిపేరుతో పోలిస్తే ఇంకో రెండు టైర్ల ఖర్చు ఏపాటిది! ఎంత తేడా ఫర్వాలేదో మాన్యువల్లో ఉంటే దాన్నే పాటించండి. తేడా కొద్దిగానే ఉండి రెండే మారుస్తున్నట్లయితే కొత్తవి వెనకే ఉండాలి. వానలో ముందు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గించుకుంటాం. వెనక జారితే తెలిసేలోపే బండి తిరిగిపోతుంది. కొన్ని బండ్లకు ముందొక వెడల్పు, వెనకొక వెడల్పు ఉంటాయి, వాటిలో టైర్లు ముందుకీ వెనక్కీ మార్చుకునే వీలే ఉండదు.

ఇప్పుడు బ్రాండ్. పెద్ద కంపెనీలన్నీ ఈ సైజుల్లో మంచి టైర్లే చేస్తాయి. తేడా ఉండేది ఒక్కో మోడల్ దేనికోసం చేశారన్నదాంట్లో. మిషలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్‌యూవీ, పిరెల్లి స్కార్పియన్ జీరో లాంటివి వేగం, మలుపుల వైపు మొగ్గుతాయి. బ్రిడ్జ్‌స్టోన్ అలెంజా, స్కార్పియన్ వెర్డే లాంటివి సుఖం, నిశ్శబ్దం వైపు. మీరు రాసినదాన్ని బట్టి రెండో రకమే మీకు కుదురుతుంది. బండి ఎస్‌యూవీ కదా అని మొరటు గాడుల ఆల్ టెరైన్ టైర్లు వేయించకండి. నిత్యం మట్టి దారులుంటే తప్ప మిగిలేది చప్పుడే. మంచు పడేచోట నడిపేవాళ్లకి లెక్క వేరు. వేసవి రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద బిగుసుకుపోతుంది, అక్కడ మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తున్న టైర్లే కావాలి.

టైర్ పక్కన ఉండే ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకెను చూసి 500 ఉన్నది 300 ఉన్నదానికన్నా అంత ఎక్కువ వస్తుందని లెక్కలు వేయొద్దు. ఆ అంకె వేసుకునేది ఆ కంపెనీయే, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది. యూరప్ లేబుల్‌లో డెసిబెల్స్ కూడా అంతే, అది రోడ్డు పక్కన కొలిచిన చప్పుడు, మీ క్యాబిన్‌లోది కాదు. ఆ లేబుల్‌లో నేను చూసేది తడి రోడ్డు పట్టు అక్షరం ఒక్కటే, ఏ లేదా బీ ఉండాలి. లోపల స్పాంజ్ అంటించిన టైర్లు కూడా వస్తాయి, టైర్ లోపలి గాలి గుంయ్‌మని మోగే శబ్దాన్ని అవి తగ్గిస్తాయి. గరుకు రోడ్డు మీద గాడులు చేసే చప్పుడు మాత్రం ఉంటుంది. పంచర్ వేయాలంటే ఆ చోట స్పాంజ్ కోసి తీయాలి, ఆ పని తెలిసినవాళ్లయితే ఇబ్బంది లేదు.

బిగించే రోజు దగ్గర నిలబడండి. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి, 3524 అంటే 2024లో 35వ వారం. నాలుగింటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బండిని ఎత్తే ముందు మెనూలో జాక్ మోడ్ (సస్పెన్షన్ తనంతట తాను ఎత్తు సర్దుకోకుండా ఆపేది) పెట్టమనండి, చాలామంది పెట్టరు. గాలి సెన్సర్ల బ్యాటరీకి ఆయుష్షు ఉంటుంది, మీవి ఐదేళ్లవి కాబట్టి ఇంకా కొంతకాలం రావచ్చు, వాల్వ్ సీళ్లు మాత్రం కొత్తవి వేయించండి. నట్లు గన్‌తో బిగించి వదిలేస్తే ఊరుకోవద్దు, ఆఖరి బిగింపు ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తోనే, మాన్యువల్లో ఉన్న లెక్కకే. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. కొత్త రబ్బరు మీద మొదట్లో నునుపు ఉంటుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగం మలుపులు వద్దు. అలైన్‌మెంట్ కొత్త టైర్లు ఎక్కాక అదే రోజు చేయించండి, వచ్చే వారం అనుకుంటే వెనక లోపలి అంచు ఆ లోపే అరగడం మొదలుపెడుతుంది.