ఇసుక దంచే తాళం

బరంపురం

అమ్మాయ్,

నీ ఎనిమిది పాటలూ చేరాయి. మూడుసార్లు చదివాను, రెండుసార్లు గొంతెత్తి పాడాను. పాడి చూస్తే గాని పిల్లల పాట మంచిచెడ్డా నాకు తెలీదు. వంటింట్లోంచి మా ఇంటావిడ "ఈ వయసులో ఈ తాబేలు పాటేటి?" అంది. పర్లాకిమిడి అమ్మాయి రాసిందని చెప్పాను. "అయితే పాడండి" అంది.

నీకు చెవి ఉంది. ప్రాస కోసం మాటని జుట్టు పట్టుకుని లాగలేదు. కృష్ణజింక పాటలో "ఎగిరితే నేల చిన్నది" అన్న ముక్క నాకు తట్టలేదే అని కాస్త అసూయ కూడా పడ్డాను. మన భెట్నయి వైపు పొలాల్లో ఆ జింకల్ని చూసే రాశావని తెలుస్తూనే ఉంది. పొలంలో జింక దిగితే మంచిదని నమ్మి, వాటిని వేటాడనివ్వని ఊళ్ళవి. ఆ పాట ముట్టుకోకు.

తాబేలు పాటతోనే నాకు పేచీ. "నేను తాబేలుని, పర్యావరణ నేస్తాన్ని, నన్ను రక్షించండి" అంటూ నీ తాబేలు మైకు పట్టుకుంది. పర్యావరణం అనే మాట దానికెలా తెలుసమ్మా? అది మన ఉపన్యాసం, దాని నోట పెట్టావు. పిల్లలు ఇలాంటివి ఇట్టే కనిపెడతారు. స్టేజి మీద చేతులు తిప్పుతూ పాడతారు, గుమ్మం దాటగానే మర్చిపోతారు.

పైగా మూడు తప్పులు. "భయమేసి తల లోపలికి లాక్కున్నా" అన్నావు. చెరువు తాబేలు లాక్కుంటుంది, సముద్రపు తాబేలుకి అది చేతకాదు. "అమ్మ నాకు ఈత నేర్పింది" అన్నావు. గుడ్లు పెట్టి కప్పెట్టి వెళ్ళిన తల్లి మళ్ళీ ఆ పిల్లల మొహం చూడదు. "బిడ్డల్ని విడిచి ఏడ్చింది" అన్నావు. ఒడ్డున దాని కంటి వెంట కారే జిగట నీళ్ళు ఒంట్లో ఎక్కువైన ఉప్పు. ఏనుగు పాటలో తల్లి ఏనుగుకి పొడుగాటి దంతాలు తగిలించావు. మన ఆడ ఏనుగులకి దంతాలు బయటికి రావు. మొత్తం నాలుగయ్యాయి, ఎనిమిది పాటలకి ఎక్కువేం కాదులే.

నా మొదటి తాబేలు పాటలోనూ తల్లి ఏడ్చింది. తర్వాత ఒక ఫాల్గుణంలో ఋషికుల్య మొగ దగ్గర, నది సముద్రంలో కలిసే చోట, రాత్రంతా కూర్చున్నాను. ఇక్కడ తాబేళ్ళు మందలుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1994లో. ఒడియావాళ్ళు నోలియాలనే మన తెలుగు పల్లెకారుల తాతలకి అంతకు ముందే తెలుసు. వాళ్ళలో ఒకాయనే నన్ను తీసుకెళ్ళాడు. టార్చి వెయ్యనివ్వలేదు, బీడీ కూడా ముట్టించలేదు.

మొదట సముద్రపు హోరు తప్ప ఏమీ లేదు. కాసేపటికి, మెట్లెక్కి వచ్చిన ముసలాయన కూలబడుతూ విడిచినట్టు ఒక పెద్ద నిట్టూర్పు. నలభై కిలోల శరీరం. నీళ్ళలో దానికి బరువే తెలీదు, ఇసుక మీద అడుగడుగూ బరువే. కుడీ ఎడమా రెక్కలు మార్చి మార్చి వేసుకుంటూ ఎక్కింది. వెనక రెక్కల్ని గరిటెల్లా వంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడింది. నూరుకి అటూ ఇటూగా గుడ్లు పెట్టింది, పింగ్‌పాంగ్ బంతుల్లా. అప్పుడు మొదలైంది అసలు సంగతి. గుంట పూడ్చి, దాని మీద నిలబడి, ఒళ్ళంతా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఎత్తి పడేస్తూ పొట్ట చిప్పతో ఇసుకను దంచసాగింది. దబ్... దబ్... దబ్... నా కాళ్ళ కింద తెలిసింది ఆ దెబ్బ. చిన్నప్పుడు మా అమ్మమ్మ, మా మేనత్త ఎదురెదురుగా నిలబడి రోట్లో ధాన్యం దంచేవారు. అదే దరువు! నేనేమో అన్నాళ్ళూ తాబేలుకి లాలిపాట రాస్తూ కూర్చున్నాను. దాని పాట దంపుడు పాట కదా.

దంచు దంచు ఇసుక దంచు
కుడికి ఒరిగి ఒకటి దంచు
ఎడమకొరిగి ఒకటి దంచు
నక్క ముక్కుకందకుండ
కుక్క కాలికందకుండ
గుంట జాడ చెరిపి దంచు

ఇందులో "కాపాడండి" అని ఎక్కడా లేదు. పిల్లలకి అర్థం చెప్పే ముందే లేచి, కాళ్ళు ఎడంగా పెట్టి దంచారు. "ఎవరి గుంట మాస్టారూ? కుక్క ఎందుకొస్తాది?" అని వాళ్ళే అడిగారు. ఇక మనం చెప్పాల్సింది చెప్పడానికి అదే చోటు.

నీ పాటలన్నీ బడి పుస్తకం భాషలో ఉన్నాయెందుకు? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరమ్మా నీది! సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి, తెలుగులో వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన మనిషి తిరిగిన వీధుల్లో ఉంటూ "వెళ్ళుచున్నాను" అని తాబేలు చేత అనిపిస్తావా? మన పిల్లలు బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి తెలుగులో "బేగి రా" ఉంది, "ఏటి" ఉంది, ఆడపిల్లకి "గుంట", మగపిల్లాడికి "గుంటడు" ఉన్నాయి. ఇసుక వెచ్చగా ఉంటే గుడ్లలోంచి ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు వస్తారని తెలిశాక నాకు ఈ రెండు పాదాలు నడుస్తూ నడుస్తూ దొరికాయి:

వెచ్చటి గుంటకు గుంట పుట్టె
చల్లటి గుంటకు గుంటడు పుట్టె

విజయవాడ వాళ్ళకి దీంట్లో రుచి తెలీకపోవచ్చు. తెలీకపోనీ.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు సిగ్గైన విషయం. చాలా ఏళ్ళ కిందట ఒక బడి వార్షికోత్సవానికి పాట రాసిచ్చాను. అందులో తాబేలు "పాపిష్టి వల, పాడు వల" అని శాపనార్థాలు పెడుతుంది. రిహార్సల్లో చివర నిలబడ్డ గుంటడు ఆ పాదం వచ్చినప్పుడల్లా నోరు మూసేసేవాడు. పక్కకి పిలిచి అడిగితే "వల మా అయ్యది మాస్టారూ" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధం. ఆ ఏడు నెలలూ వాళ్ళింట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తాబేలుకి తెలియక్కర్లేదు గాని, రాసేవాడికి తెలియాలి కదా. తాబేలు గాలి పీల్చే జీవి, మరపడవలు ఈడ్చుకెళ్ళే ట్రాలు వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. తిట్లన్నీ కొట్టేసి ఆ ఊపిరి ఒక్కటే ఉంచాను: "పైన గాలి, కింద నేను, నడుమ తాడు". కొత్త పాట పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళ ఇంటికి తాళం వేసుంది. పనికి వలస పోయారట.

నీ ఏనుగు పాట దగ్గర నేనూ ఆగిపోయాను. మీ గజపతి జిల్లా లఖారి లోయ ఏనుగులు 2007లో శ్రీకాకుళం వైపు దిగినప్పటి నుంచి రాయాలనుకుంటున్నాను. చెరుకు దానికి ఎంత తీపో రాయగలను. రాత్రంతా డప్పు కొడుతూ ఆ చెరుకుకి కాపలా కాసే ఇంటి పిల్ల అదే పాట ఎలా పాడుతుందో మాత్రం అంతుపట్టలేదు. నీకు తడితే రాయి, నా కోసం ఆగకు.

తాబేళ్ళ మందలు ఒడ్డుకి దిగాక 45 నుంచి 55 రోజులకి పిల్లలు ఇసుక తోసుకుని వస్తాయి. చీకట్లో ఎటు వెలుగుంటే అటు పోతాయి. ఒడ్డున దీపాలుంటే సముద్రమనుకుని ఊళ్ళోకి నడుస్తాయి. ఊరి కుర్రాళ్ళు బకెట్లలో ఏరి నీళ్ళ దగ్గర వదులుతారు. కొన్నేళ్ళు మంద అసలు రాదు, ఈ ఏడు వచ్చింది. ఫారెస్టు వాళ్ళు సరేనంటే నిన్నూ తీసుకెళ్తాను, కార్డు రాస్తాను. ఫోను జేబులోంచి తియ్యనని మాటిస్తేనే. నీ తాబేలు పాట అందాకా పక్కన పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు