పోస్టా, కొరియరా? రశీదు మీద ఎవరి నంబరు ఉందో చూడండి

విజయవాడ పటమట నుంచి అమెరికాలోని డాలస్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి ఇలా అడిగింది: "అమ్మ ఆవకాయ, కారప్పొడి, వాటితోపాటు నా డిగ్రీ కాగితాలు పంపుతానంటోంది. పోస్టులో వేస్తే పోతాయని నాన్న భయం. కొరియర్ వాళ్లు దోచుకుంటారని అమ్మ వాదన. ఎవరి మాట వినాలి?"

ముందు ఒక మాట, అమ్మా. కాగితాలనూ ఆవకాయనూ ఒకే పెట్టెలో పెట్టనివ్వవద్దు. నూనె కారితే పట్టాలు పాడవుతాయన్నది ఒక కారణం. అంతకన్నా పెద్దది, తినే వస్తువును కస్టమ్స్ వారు తనిఖీకి ఆపితే దానితోపాటు మీ కాగితాలూ అక్కడే ఆగిపోతాయి. విశ్వవిద్యాలయం గడువు వాటికోసం ఆగదు. కాగితాల దారి వేరు, పచ్చళ్ల దారి వేరు.

ఇక అసలు సంగతి. పోస్టు, కొరియర్ అని రెండే దారులున్నట్టు మాట్లాడుకుంటాం. విజయవాడ, గుంటూరుల్లో ఉన్నవి మూడు. ఒకటి తపాలా కార్యాలయం. రెండోది డీహెచ్‌ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ వంటి సంస్థల సొంత బుకింగ్. మూడోది బెంజి సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా ప్రతి పెద్ద వీధిలోనూ కనిపించే 'ఇంటర్నేషనల్ కొరియర్' దుకాణం. మన ఇళ్ల నుంచి విదేశాలకు వెళ్లే పచ్చళ్లలో చాలా భాగం ఈ మూడో దారినే వెళతాయి. పోగొట్టుకున్నవారి కథలు నేను ఎక్కువగా విన్నదీ ఈ దారి గురించే. నాన్నగారి భయం, అమ్మగారి కోపం రెండూ నిజానికి దీనికే తగిలించాలి.

ఆ దుకాణాలన్నీ మోసమని నేను అనడం లేదు. ఇంటికి వచ్చి పెట్టె తీసుకెళతారు, పచ్చడిని గాలి చొరబడకుండా ప్యాక్ చేస్తారు, పెద్ద సంస్థ కౌంటర్ కన్నా తక్కువ ధర చెబుతారు. నిజాయతీగా నడిపేవారు చాలామంది ఉన్నారు. అయితే వారికి విమానాలు లేవు, అమెరికాలో వ్యాన్లు లేవు. పది ఇళ్ల పెట్టెలు పోగుచేసి మరో నగరంలోని టోకు వ్యాపారికి అప్పగిస్తారు. అతను ఏ పెద్ద సంస్థ ఖాతాలోనో ఎక్కిస్తాడు. పెట్టె పోయిన రోజున ఆ పెద్ద సంస్థ దృష్టిలో పంపినవారు మీ అమ్మగారు కాదు, ఆ టోకు వ్యాపారి. మా బంధువుల పెట్టె ఒకటి ఇలాగే వారాల తరబడి ఎక్కడుందో తెలియలేదు. దుకాణదారు ఇచ్చిన నంబరు అతని సొంత పుస్తకంలోని నంబరు, ప్రపంచంలో మరెక్కడా పనిచేయదు. అందుకే మీ ఇంట్లోవారికి నేను చెప్పేది ఒక్కటే: డబ్బు కట్టే ముందు, "చివరికి ఏ సంస్థ చేరవేస్తుంది? దాని నంబరు ఎప్పుడు ఇస్తారు?" అని అడగమనండి. రెండు రోజుల్లో అసలు నంబరు ఇస్తామని రశీదు మీద రాసిచ్చేవారి దగ్గరే ఇవ్వమనండి. రాసివ్వడానికి వెనకాడేవారి దగ్గర నుంచి పెట్టె వెనక్కి తెచ్చుకోమనండి.

తపాలా విషయంలో ఈ ఇబ్బంది లేదు. ఎందుకో తెలిస్తే నాన్నగారి భయం సగం తగ్గుతుంది. మన తపాలా శాఖ పార్సిల్‌ను మీ గుమ్మం దాకా మోసుకురాదు. దేశదేశాల తపాలా శాఖల కూటమిగా 1874లో ఏర్పడిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో భారతదేశం 1876లోనే చేరింది. ఆ ఒప్పందాల ప్రకారం ఒక దేశపు తపాలా పుచ్చుకున్న పార్సిల్‌ను అవతలి దేశపు తపాలా ఇంటికి చేర్చాలి. విదేశీ స్పీడ్ పోస్టు, అంటే ఈఎంఎస్, విజయవాడ కౌంటర్లో ఇస్తే డాలస్‌లో మీ ఇంటికి తెచ్చేది రోజూ ఉత్తరాలు తెచ్చే యూఎస్‌పీఎస్, అంటే అమెరికా తపాలా వారే. రశీదు మీద పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది: మొదట రెండు ఆంగ్ల అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. ఈఎంఎస్ అయితే మొదటి అక్షరం 'ఈ' (E). ఈ ఒకే నంబరు ఇండియా పోస్టు వెబ్‌సైటులోనూ యూఎస్‌పీఎస్ వెబ్‌సైటులోనూ పనిచేస్తుంది.

కొత్తగా వచ్చినవారిని కంగారుపెట్టేది మధ్యలో వచ్చే మౌనం. పార్సిల్ మన దేశంలో కస్టమ్స్ దాటి విమానానికి సిద్ధమైందని చూపిస్తుంది, ఆ తరువాత రోజుల తరబడి ఒక్క ముక్క కూడా మారదు. పోయిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి అది ఒక తపాలా చేతి నుంచి మరో తపాలా చేతికి మారే సమయం. అమెరికాలో దిగి, కస్టమ్స్ చూసి, యూఎస్‌పీఎస్ స్కాన్ చేసేదాకా కొత్త సమాచారం రాదు. పెద్ద కొరియర్ సంస్థ అయితే విమానం నుంచి వ్యాన్ దాకా అన్నీ తన చేతిలోనే ఉంటాయి కనుక అడుగడుగునా చూపిస్తుంది. మీరు ఎక్కువ డబ్బు కట్టేది వేగంతోపాటు ఈ కనిపించడానికి కూడా.

తపాలాకు ఉన్న అసలు బలహీనత వేరే. దేశాల మధ్య నిబంధన మారితే మొత్తం దారే మూసుకుపోతుంది. 800 డాలర్లలోపు వస్తువులకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో స్పష్టత లేక విమానసంస్థలు తపాలా సంచులు తీసుకోలేదు. ఇండియా పోస్టు ఆగస్టు 25 నుంచే అమెరికాకు పార్సిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. కొరియర్ సంస్థలు ఆ రోజుల్లోనూ నడిచాయి, సుంకం కట్టించుకుని మరీ. అందుకని పెట్టె కట్టకముందే, "ఆ దేశానికి ఈ సేవ ఇప్పుడు నడుస్తోందా, సుంకం ముందే కట్టాలా?" అని కౌంటర్లో అడిగి రమ్మనండి. దసరా, సంక్రాంతుల ముందు ఇది మరీ అవసరం.

ఇప్పుడు ఆవకాయ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, పోస్టు తీసుకున్నా, కొరియర్ తీసుకున్నా చివరి మాట కస్టమ్స్‌దే. ఒకరు ఒకరోజు ఒకరికి పంపే 100 డాలర్లలోపు నిజమైన బహుమతికి అమెరికాలో సుంకం మినహాయింపు ఉంది. ఆహారం దిగుమతికి ముందే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సమాచారం ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. అయితే ఇంట్లో స్వయంగా చేసిన వంటకాన్ని, చేసినవారే, వ్యాపారం కోసం కాక బహుమతిగా పంపితే ఆ నియమం వర్తించదు. కాబట్టి అమ్మ చేతి ఆవకాయ అమ్మ పేరు మీదే రావాలి. నాన్న పేరో, ఎదురింటి అన్నయ్య పేరో పంపినవారి గళ్లలో రాయవద్దు. దుకాణంలో కొన్న పచ్చడికి ఈ వెసులుబాటు లేదు. ఆ సమాచారం ఇచ్చే పని కొరియర్ సంస్థ చేస్తుందా అని అడగాలి. కోడి, మాంసం పచ్చళ్లు అసలే వద్దు. కొత్త బియ్యం కూడా వద్దు, నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ఇంటి అవసరానికి పంపే బియ్యాన్ని అమెరికా రానివ్వదు. పచ్చి కరివేపాకు అంతకన్నా వద్దు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు ఆ ఆకు మీదా బతుకుతుంది. ఒక్క రెమ్మ కోసం మొత్తం పెట్టె పోగొట్టుకున్నవారు ఉన్నారు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, మసాలాపొడిలో గసగసాలు లేకుండా చూడమనండి. యూఏఈలో అవి నిషిద్ధం, జైలుకు దారితీస్తాయి.

పెట్టెలో ఏముందో కస్టమ్స్‌కు రాసిచ్చే డిక్లరేషన్‌లో 'ఫుడ్ ఐటమ్స్' అని ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వవద్దు. మామిడికాయ పచ్చడి, ఇంట్లో చేసినది, ఇన్ని గ్రాములు, ఇంత విలువ అని ఉండాలి. విలువ తక్కువ చేసి రాస్తే సుంకం తప్పుతుందని కొందరు దుకాణదారులు సలహా ఇస్తారు. పెట్టె పోతే నష్టపరిహారం కూడా ఆ రాసిన విలువను మించి రాదని వారు చెప్పరు.

ధర దగ్గర ఒక లెక్క తెలియాలి. కొరియర్ సంస్థలు బరువును మాత్రమే చూడవు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 50, 40, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే 12 కిలోలు. అందులో అయిదు కిలోల అప్పడాలు, వడియాలే ఉన్నా 12 కిలోలకే కట్టాలి. తేలికైన పిండివంటలకు చిన్న పెట్టె వెతకమనడం అందుకే. బరువైన పచ్చడి, పొడులు ఆ చిన్న పెట్టెలో అడుగున పెట్టాలి.

మీ డిగ్రీ కాగితాలకు మాత్రం ఖర్చుకు వెనకాడకుండా పెద్ద సంస్థ సొంత కౌంటర్‌కే వెళ్లమనండి. పోతే మళ్లీ తెచ్చుకోలేని అసలు ప్రతులు, గడువున్న కాగితాలు ఎన్ని తక్కువ చేతులు మారితే అంత మేలు. ట్రాన్స్‌క్రిప్ట్‌లు, అంటే మార్కుల పత్రాలు, విశ్వవిద్యాలయం సీలు వేసిన కవరులో ఉంటే ఇంట్లో ఎవరూ విప్పకూడదు. సీలు చెదిరితే చాలాచోట్ల తీసుకోరు. పంపేముందు ప్రతి కాగితాన్నీ స్కాన్ చేయించి దాచమనండి. వెళుతున్న స్నేహితుడి సామానులో పెట్టి పంపడం చవకైన దారి, కానీ అతని సూట్‌కేసు దారి తప్పితే అడిగే హక్కు మీకు ఉండదు.

ఇక ఎదురు దిశ. ఇక్కడి నుంచి ఊరికి పంపేటప్పుడు నా అభిప్రాయం తిరగబడుతుంది. విజయవాడ, గుంటూరు నగరాల వరకు కొరియర్ బాగానే చేరుతుంది. తెనాలి దాటి లోపలి పల్లె అయితే "గుంటూరు వచ్చి తీసుకెళ్లండి" అని ఫోను వస్తుంది. డెబ్బై ఏళ్ల తాతగారు బస్సెక్కి రావలసిందే. తపాలా శాఖకు దేశంలో లక్షా అరవై వేలకు పైగా కార్యాలయాలున్నాయి, ఎక్కువ భాగం పల్లెల్లోనే. ఆ ఊరి పోస్టుమ్యాన్‌కు తాతగారి పేరు చాలు. చిరునామాలో పిన్ కోడ్ మాత్రం తప్పకూడదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ అని వేరు వేరు జిల్లాలయ్యాయి, పాత జిల్లా పేరు రాసినా సరైన పిన్ ఉంటే చేరుతుంది. పక్కన ఇంట్లోవారి ఫోను నంబరు రాయండి.

స్థలం అమ్మకానికి జీపీఏ, అంటే మీ తరఫున సంతకం చేసే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం, పంపేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. విదేశంలో రాసిన పత్రం భారతదేశంలో అందిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలని స్టాంపుల చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది. ఎప్పుడు అందిందన్నదానికి ఆధారం కావాలి కాబట్టి నంబరున్న సేవలోనే పంపండి. వచ్చిన కవరును పారేయకుండా పత్రంతో కలిపి దాచమనండి. జిల్లా రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లే రోజున అది పనికొస్తుంది.

అమ్మానాన్నలకు ఫోను, గడియారం పంపుతూ 'గిఫ్ట్' అని రాస్తే సుంకం పడదని ఇంకా నమ్ముతున్నారు. 2019 డిసెంబరులో భారత ప్రభుత్వం ఆ మినహాయింపును రాఖీలకు, ప్రాణాధార మందులకు తప్ప తీసివేసింది. మిగతావాటికి పూర్తి సుంకం కట్టాలి. కొరియర్ సంస్థ పెద్దవాళ్లకు ఫోను చేసి గుర్తింపు పత్రాలు అడుగుతుంది. అది మోసగాళ్ల ఫోను అనుకుని పెట్టేస్తారు, పార్సిల్ గోదాములో పడి ఉంటుంది. ఎవరి నుంచి, ఏ సంస్థ ద్వారా, ఏ నంబరుతో వస్తోందో ముందే వాట్సాప్‌లో పంపి, ఆ నంబరు చెప్పినవారికే పత్రాలు ఇవ్వమనండి.

పార్సిల్ నిజంగా ఆగిపోతే ఫిర్యాదు చేయవలసింది పంపినవారు. తపాలాలో విచారణ మొదలయ్యేది పంపిన వైపు నుంచే. మీరు డాలస్‌లో యూఎస్‌పీఎస్ కౌంటర్ దగ్గర ఎంతసేపు నిలబడినా, విజయవాడ రశీదుతో అమ్మ ఫిర్యాదు నమోదు చేస్తేనే కదలిక వస్తుంది. దీనికి గడువు ఉంటుంది, "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని కూర్చోవద్దు. రశీదును అదే రోజు ఫోటో తీసి మీకు పంపమనండి, అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది.