రాత్రి చదువుకి నల్ల తెర: అమ్మలుకి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న మాట్లాడినప్పుడు కళ్లు మండుతున్నాయన్నావు. అశోక్‌నగర్ హాస్టల్లో లైటు తీసేశాక, పక్క మంచాల మీది పిల్లల నిద్ర చెడకుండా డార్క్ మోడ్, అంటే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, పెట్టుకుని అర్ధరాత్రి దాకా గ్రూప్స్ పీడీఎఫ్‌లు చదువుతున్నావట. కళ్లకు మంచిదని ఎవరో చెబితే పగలు కూడా అదే ఉంచేస్తున్నావట. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రూఫులు దిద్దినవాణ్ణి, మొదట కాగితం మీద, తర్వాత కంప్యూటర్ తెర మీద. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

డార్క్ మోడ్ చేసే పని, చీకటి గదిలో తెర వెలుగు కంట్లో గుచ్చుకోకుండా చూడటం. ఆ పని బాగానే చేస్తుంది. గదిలో వెలుతురున్నప్పుడు మాత్రం దానివల్ల చదువుకి లాభం లేదు, చాలామందికి నష్టమే.

అదంతా కనుపాపతో వచ్చే చిక్కు. తెల్ల తెర చూస్తే అది చిన్నదవుతుంది, నల్ల తెర చూస్తే పెద్దదవుతుంది. సూదిలో దారం ఎక్కించేవాళ్లు కళ్లు చిట్లిస్తారు చూడు, సన్నని సందులోంచి చూస్తే అంచులు తేటగా కనబడతాయని. చిన్న కనుపాప చేసే మేలు కూడా అదే. పెద్దదయ్యేకొద్దీ కంటిలో ఉన్న చిన్నచిన్న లోపాలు బయటపడి అక్షరం అంచు చెదురుతుంది. 2013లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుర్రవాళ్లనీ పెద్దవయసు వాళ్లనీ కూర్చోబెట్టి రెండు రకాల తెరల మీదా చదివించారు. ఇచ్చిన పని ప్రూఫ్ రీడింగే కాబట్టి నాకు ఆ ఫలితం మీద గురి. రెండు వయసుల వాళ్లకీ లేత తెర మీద ముదురు అక్షరాలతోనే పని బాగా సాగింది.

పైగా మన లిపి సంగతి చూడు. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ తేడా అడుగున ఒక్క చిన్న గీత. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దాన్ని ఆనుకుని ర వత్తు, రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరం చుట్టూ వెలుగు కాస్త పొంగినట్టు కనిపిస్తుంది. ఆ పొంగు వత్తుల మధ్య సందుల్ని మూసేస్తుంది. ‘రాష్ట్రం’ నీకు తెలిసిన మాట కనుక బుర్ర దానంతట అదే పూరించుకుంటుంది. చరిత్ర పాఠంలో ఎప్పుడూ వినని రాజు పేరో, శాసనం పేరో వచ్చినప్పుడు తడబడతావు, తప్పుగా గుర్తుపెట్టుకుంటావు. పరీక్షకి చదివేవాళ్లకి అది చిన్న నష్టం కాదు.

నీ కళ్లద్దాల చీటీ ఒకసారి తీసి చూడు. ఎస్‌పీహెచ్ పక్కన సీవైఎల్ అని ఒక గడి ఉంటుంది. అందులో అంకె ఉంటే నీకు సిలిండర్ పవర్ ఉన్నట్టు, అంటే కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేదని. అలాంటి కళ్లకి ఈ పొంగు ఇంకా ఎక్కువ. చీటీ పాతదైతే సెట్టింగుల జోలికి పోకముందే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇక ఫోన్ సంగతి. డిస్‌ప్లే సెట్టింగుల్లో డార్క్ థీమ్‌కి షెడ్యూల్ ఉంటుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అని పెట్టేస్తే పగలు దానంతట అదే తెల్లబడుతుంది. చదివే యాప్‌లో కటిక నలుపు, ముదురు బూడిద రెండూ ఉంటే బూడిదే ఎంచుకో. గూగుల్ వాళ్లు తమ డిజైన్ సూచనల్లో చెప్పింది కూడా ముదురు బూడిదే. బ్యాటరీ మిగులుతుందని కటిక నలుపు పెట్టుకునేవాళ్లున్నారు. ప్రతి చుక్కా విడిగా వెలిగే ఓఎల్ఈడీ రకం తెరల్లో నల్లగా ఉన్నచోట చుక్కలు ఆరిపోతాయి కాబట్టి మిగిలే మాట నిజమే. కానీ 2021లో అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిస్తే, 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర మిగిలింది సగటున 3 నుంచి 9 శాతమే. ఆ కాస్తకోసం కళ్లని ఇబ్బంది పెట్టకు.

అక్షరం సైజు పగటికన్నా ఒక మెట్టు పెంచు. మరీ సన్నని ఫాంటు వద్దు, బోల్డూ వద్దు. వరుసల మధ్య ఎడం పెంచే వీలుంటే తప్పకుండా పెంచు, పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడకుండా ఉంటాయి. గది మాత్రం పూర్తిగా చీకటి చెయ్యకు. చిన్న ల్యాంపు గోడవైపు తిప్పి పెట్టుకుంటే పక్కవాళ్ల నిద్రా చెడదు, నీ కళ్లూ తెరకీ చీకటికీ మధ్య నలగవు.

పీడీఎఫ్‌లకి ఫోన్ డార్క్ థీమ్ సరిపోదు. పుస్తకం స్కాన్ చేసిన ఫైలైతే పేజీ అంతా ఒక బొమ్మే కాబట్టి తెల్లగానే ఉంటుంది. చదివే యాప్‌లో నైట్ మోడ్ విడిగా నొక్కాలి. అది రంగుల్ని తిరగేస్తుంది, మ్యాపులు కూడా తిరగబడతాయి. నదులూ నేలలూ ఉన్న పాఠాలు రాత్రికి ఉంచుకోకు, జాగ్రఫీ అంతా పగలే చదువు.

నీ కళ్ల మంటకి మాత్రం నాకు రెప్ప మీదే అనుమానం. మామూలుగా నిమిషానికి 15 సార్లు కొట్టుకునే రెప్ప తెర చూస్తుంటే 5–7 సార్లకి పడిపోతుంది. కంటి మీది తడి ఆరిపోతుంది. తెర నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా అంతే. ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా పడుకునే వైపు మార్చుకో. 20 నిమిషాలకోసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడు. పేజీ తిప్పినప్పుడల్లా రెప్పలు గట్టిగా మూసి తెరువు. వారం ఇలా చేసినా తగ్గకపోతే టెన్షన్ పడకుండా డాక్టర్‌కి చూపించు. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలని అమ్ముతుంటారు, వాటికి డబ్బు పెట్టకు. తెరల నీలి కాంతితో కళ్లు దెబ్బతింటాయనడానికి ఆధారం లేదని అమెరికా నేత్రవైద్యుల సంఘమే చెప్పింది.

పండక్కి వచ్చినప్పుడు నాన్నమ్మ ఫోన్ కూడా సర్దిపెట్టు. ఆవిడ సంగతి నీ సంగతికి పూర్తిగా వేరు. శుక్లం ఉన్న కంట్లో తెల్ల తెర వెలుగు చెదిరి అంతా మసకబారుతుంది. అలాంటివాళ్లలో చాలామందికి నల్ల తెర మీద పెద్ద తెల్ల అక్షరాలే తేటగా ఉంటాయి. పగలూ రాత్రీ డార్క్ థీమ్ ఉంచి, అక్షరాలు బాగా పెంచి, వాట్సాప్‌లో ఏదైనా ఆవిడ చేత చదివించి చూడు. ఆపరేషనయ్యి కన్ను సర్దుకున్నాక రెండు రకాలూ మళ్లీ చూపించి, ఏది హాయిగా ఉందో ఆవిణ్ణే చెప్పమను.

ఇట్లు,
మీ పెద్దనాన్న